వీధికి కెమెరా పెట్టే ముందు

నార్సింగి ఒకప్పుడు పల్లె. పక్కనే మూసీ. దగ్గరలోనే గండిపేట చెరువు. 2018లో ఆ పల్లె మునిసిపాలిటీ అయింది. ఇప్పుడు ఊరి పక్కనే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. ఆ పక్క కోకాపేట. 2023లో కోకాపేటలో భూమి వేలం వేశారు. ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. అక్కడ మబ్బులను తాకే ఇళ్ళు లేచాయి. ఆ ఇళ్ళకు గేటు దగ్గర కెమెరా. లిఫ్టులో కెమెరా. మెట్ల దగ్గర కెమెరా.

ఆ ఇళ్ళలో పని చేసే అక్కచెల్లెళ్ళు చాలామంది చుట్టుపక్కల బస్తీలలో ఉంటారు. పొద్దున్నే పోతారు. చీకటి పడ్డాక వస్తారు. వాళ్ళు నడిచే వీధికి కెమెరా లేదు. మలుపులో దీపం కూడా లేదు.

అలాంటి ఒక వీధి కథ ఇది.

సంఘం కూర్చుంది

ఒక రాత్రి ఒక అక్క డ్యూటీ దిగి ఇంటికి వస్తున్నది. వీధి మలుపులో వెనక నుంచి బండి వచ్చింది. బండి మీద ఇద్దరు. అక్క మెడలో పుస్తెలతాడు తెంపుకొని పోయారు. అక్క కింద పడింది. మోకాలు పగిలింది.

పోలీసులు వచ్చారు. కిరాణా కొట్టు కెమెరా తీసి చూశారు. బండి కనబడింది. మనుషులు కనబడ్డారు. మొహాలు మాత్రం కనబడలేదు. మొహం ఉండేచోట తెల్లని మచ్చ. అంతే.

"కెమెరా ఉండి ఏం ఫాయిదా?" అని అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మరుసటి వారం పొదుపు సంఘం కూర్చుంది. వీధికి కెమెరాలు పెట్టించాలని అందరూ అన్నారు. సంఘం దగ్గర 40 వేల రూపాయలు ఉన్నాయి. అది చెమటోడ్చిన సొమ్ము. కెమెరాలు అమ్మే అతను వచ్చాడు. వీధి అటూ ఇటూ ఒకసారి చూశాడు. ఒక చీటీ రాసిచ్చాడు. చీటీ ఇంగ్లీషులో ఉంది.

"తమ్మీ, మేము తెలుగు చదువుతం. తెలుగుల రాసియ్యి. చదువుకున్నంక మాట్లాడుదాం" అన్నది సంఘం లీడరు.

అతను మళ్ళీ రాశాడు. లీడరు వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

కెమెరాలు 8. ఒక్కొక్కటి 2 ఎం.పి., 2.8 ఎం.ఎం.
రికార్డు డబ్బా 1.
హార్డ్ డిస్కు 1 టి.బి.
తీగ, బిగింపు.

అక్షరాలు అన్నీ వచ్చాయి. అర్థం మాత్రం కాలేదు. అడ్వాన్సు అడిగితే "రేపు చెప్తం" అన్నారు.

ఆ వీధిలో ఒక అమ్మాయి ఉంది. కోకాపేటలో ఒక పెద్ద అపార్టుమెంటులో సెక్యూరిటీ డ్యూటీ చేస్తుంది. రోజూ పదహారు కెమెరాల టీవీ ముందు కూర్చుంటుంది. అందరూ ఆమెను సెక్యూరిటీ చెల్లె అంటారు. ఆమెను పిలిచారు.

ముందు ఏం అడగాలి?

చెల్లె చీటీ చూసింది. పక్కన పెట్టింది.

"ఎన్ని కెమెరాలు అని తర్వాత అడుగుండ్రి. ముందు ఏం చూడాలె? అది చెప్పుండ్రి" అన్నది.

"ఏం చూసుడేంది బిడ్డా? అంతా చూడాలె" అన్నది అవ్వ.

"అంతా చూసే కెమెరా దేన్నీ సరిగ్గ చూడదు అవ్వా."

అవ్వ ముగ్గు డబ్బా తెచ్చింది. అందరూ కలిసి నేల మీద వీధి బొమ్మ గీశారు. మెయిన్ రోడ్డు నుంచి వీధిలోకి వచ్చే మొదలు. చీకటి మలుపు. బండ్లు నిలిపే జాగా. వెనక సందు. నల్లా. కిరాణా కొట్టు.

తర్వాత ఒక్కోచోట ఏం కనబడాలో చెప్పుకున్నారు. వీధి మొదట్లో కొత్తవాడి మొహం తెలియాలి. మలుపులో కూడా మొహం తెలియాలి. వెనక సందులో వచ్చినవాడు మొహం చూపకుండా పోకూడదు. బండ్ల దగ్గర మన వీధివాడా కాదా అని తెలిస్తే చాలు.

మొత్తం నాలుగు జాగాలు. కెమెరా అమ్మే అతను రాసింది ఎనిమిది.

చుక్కల లెక్క

"అవ్వా, నాలుగు చుక్కలతో పద్మం ముగ్గు వేస్తవా?" అని చెల్లె అడిగింది.

అవ్వ నవ్వింది. "నాలుగు చుక్కలతో డబ్బా వస్తది. పద్మం యాడ వస్తది?"

కెమెరా బొమ్మ కూడా చుక్కల ముగ్గే. చుక్కలు ఎన్ని ఎక్కువ ఉంటే బొమ్మ అంత తేటగా ఉంటుంది. 2 ఎం.పి. అంటే సుమారు 20 లక్షల చుక్కలు. అడ్డం వరుసలో 1920 చుక్కలు ఉంటాయి. ఆ చుక్కలు పెరగవు. కెమెరా ఎంత వెడల్పు చూస్తే అంత వెడల్పున అవే చుక్కలు పరుచుకోవాలి. దోసెడు పిండితో ఇంటి ముందు ముగ్గు వేయవచ్చు. అదే పిండితో వీధంతా వేస్తే పలచబడుతుంది.

దీనికి ప్రపంచమంతా వాడే కొలత ఒకటి ఉంది. ఒక మీటరు వెడల్పుకు ఎన్ని చుక్కలు పడాలో అది చెబుతుంది.

కొత్తవాడి మొహం తేటగా తెలియాలంటే మీటరుకు 250 చుక్కలు కావాలి.
తెలిసిన మనిషిని గుర్తుపట్టాలంటే 125 చుక్కలు కావాలి.
ఎవరో ఒకరు ఉన్నారని తెలియాలంటే 25 చుక్కలు చాలు.

ఇప్పుడు భాగారం చేద్దాం. 1920ని 250తో భాగిస్తే ఏడున్నర మీటర్లకు కొంచెం పైగా వస్తుంది. అంటే 25 అడుగులు. 2 ఎం.పి. కెమెరా 25 అడుగుల వెడల్పు వరకే కొత్తవాడి మొహం పట్టగలదు. 50 అడుగుల వెడల్పు చూస్తే తెలిసినవారిని గుర్తుపట్టవచ్చు. 250 అడుగులు చూస్తే మనిషి ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది.

కిరాణా కొట్టు కెమెరా వీధంతా చూసింది. అందుకే దొంగ మొహం మచ్చ అయింది.

చీటీలో రెండో అంకె 2.8 ఎం.ఎం. అది కెమెరా కంటి అద్దం కొలత. అంకె చిన్నదైతే చూపు వెడల్పు. అంకె పెద్దదైతే చూపు ఇరుకు. కానీ దూరం తేటగా కనబడుతుంది. మామూలు 2 ఎం.పి. కెమెరాకు లెక్క ఇలా ఉంటుంది. 2.8 అద్దంతో కొత్తవాడి మొహం సుమారు 10 అడుగుల దూరం వరకే తేట. 4 అద్దంతో సుమారు 14 అడుగులు. 6 అద్దంతో సుమారు 25 అడుగులు.

"అయితే మొహం కావాల్సిన కాడ 6, బండ్ల కాడ 2.8" అన్నది కిరాణా కొట్టు వదినె.

"మంచిగ చెప్పినవ్ వదినా. అన్నిటికీ ఒకటే అద్దం రాసిండు. అదే తప్పు" అన్నది చెల్లె.

ఎత్తు, వెలుతురు

కెమెరాను స్తంభం కొసన కడితే ఎవరూ పీకరు. నిజమే. కానీ 20 అడుగుల మీద నుంచి చూస్తే దగ్గరికి వచ్చినవాడి నడినెత్తి కనబడుతుంది. టోపీ కనబడుతుంది. మొహం కనబడదు. మొహం కావాలంటే 8 నుంచి 10 అడుగుల ఎత్తు మంచిది. అది చేతికి అందదు. మొహమూ తప్పిపోదు.

ఎండను కూడా చూసుకోవాలి. కెమెరా సూర్యుడికి ఎదురుగా ఉంటే మనిషి నల్లని నీడలా కనబడతాడు. పడమటికి పెడితే సాయంత్రం అదే కష్టం. బండి లైటు నేరుగా పడినా అంతే. బండి నంబరు చదవాలంటే అందుకు వేరే కెమెరా కావాలి. దాన్ని నంబరు మీదికే గురిపెట్టాలి.

రాత్రి సంగతి వేరు. చాలా కెమెరాలలో చిన్న ఎర్రదీపాలు ఉంటాయి. వాటి కాంతి మన కంటికి సరిగా కనబడదు. కెమెరాకు కనబడుతుంది. అప్పుడు బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. ఒక్కోసారి నల్లచీర కూడా తెల్లగా కనబడుతుంది. అందుకే రాత్రి బొమ్మలో బట్టల రంగును నమ్మకూడదు. కెమెరా దగ్గరికి పురుగులు వస్తాయి. పురుగులకోసం సాలీడు గూడు కడుతుంది. కట్టడాల దుమ్ము అద్దం మీద పేరుకుంటుంది. నెలకు రెండుసార్లయినా మెత్తని బట్టతో తుడవాలి.

"చెల్లె, ఆ మలుపుల దీపం ఉంటే?" అని దెబ్బ తగిలిన అక్క అడిగింది.

"దీపం ఉంటే కెమెరాకు రంగు తెలుస్తది. మనకు ధైర్యం వస్తది. దొంగకు భయం వస్తది. కెమెరా కన్నా ముందు దీపమే కావాలె అక్కా."

మరునాడే మునిసిపల్ ఆఫీసుకు అర్జీ రాశారు. సంఘంలో అందరూ సంతకాలు చేశారు. వేలిముద్ర ఒక్కటీ లేదు.

తీగ, కరెంటు, డబ్బా

కెమెరాలు రెండు రకాలు. ఒక రకానికి టీవీ కేబులు లాంటి తీగ ఉంటుంది. వాటి రికార్డు డబ్బాను డి.వి.ఆర్. అంటారు. రెండో రకానికి ఇంటర్నెట్టు తీగ ఉంటుంది. వాటి డబ్బా ఎన్.వి.ఆర్. ఇంటర్నెట్టు తీగ 100 మీటర్లకు మించి లాగకూడదు. మించితే బొమ్మ తెగిపోతుంది. తీగ లేని వైఫై కెమెరాలూ ఉన్నాయి. గోడలు అడ్డం వస్తే వాటి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. వీధికి తీగే నమ్మకం.

తీగ చేతికి అందేలా వేలాడకూడదు. గొట్టంలో నుంచి లాగాలి. పిడుగుల కాలం ఉంది కాబట్టి ఎర్తింగు ఉండాలి.

కరెంటు పోతే కెమెరా పోతుంది. దొంగకు కావలసింది అదే. అందుకే బ్యాటరీ ఉండాలి. నాలుగు కెమెరాలూ డబ్బా కలిసి ఒక పాత సీలింగు ఫ్యాను కన్నా తక్కువ కరెంటే తింటాయి. ఇంటి ఇన్వర్టరు సరిపోతుంది. చీటీలో బ్యాటరీ మాటే లేదు.

ఎన్ని రోజులు దాచాలి?

హార్డ్ డిస్కు నీళ్ళ తొట్టి లాంటిది. తొట్టి నిండితే కొత్త నీళ్ళు వస్తాయి. పాత నీళ్ళు పొర్లిపోతాయి. డిస్కు నిండితే పాత బొమ్మ చెరిగిపోయి కొత్త బొమ్మ పడుతుంది.

మామూలుగా ఒక 2 ఎం.పి. కెమెరా రోజుకు సుమారు 22 జి.బి. నింపుతుంది. 1 టి.బి. అంటే 1000 జి.బి. ఇప్పుడు చీటీ లెక్క చూద్దాం.

8 కెమెరాలు × 22 = రోజుకు 176 జి.బి.
1000 ÷ 176 = ఆరు రోజులు కూడా రాదు.

"అయితే వారం కింద జరిగింది చూద్దామంటే ఉండదు?" అని లీడరు నోరు తెరిచింది.

"ఉండదు అక్కా."

మరి ఎన్ని రోజులు ఉండాలి? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2013లో ప్రజా భద్రత చట్టం వచ్చింది. తెలంగాణలోనూ అది ఉంది. ఒకేసారి వంద మంది చేరే దుకాణాలు, ఆస్పత్రులు, బడులు, గుళ్ళు వంటి చోట్ల కెమెరాలు పెట్టాలని ఆ చట్టం చెప్పింది. బొమ్మను 30 రోజులు దాచాలని చెప్పింది. చిన్న వీధికి ఆ చట్టం వర్తించదు. కానీ ఆ 30 రోజుల కొలత మంచిది.

4 కెమెరాలు × 22 = రోజుకు 88 జి.బి.
88 × 30 = 2640 జి.బి.

అంటే 3 టి.బి. దాకా కావాలి. 4 టి.బి. డిస్కు తీసుకుంటే నిశ్చింత.

డబ్బాలో తేదీ, టైము సరిగా ఉండాలి. గంట తప్పుంటే సాక్ష్యం తప్పుతుంది.

తాళం ఎవరి దగ్గర?

కెమెరాకు కూడా తాళం ఉంటుంది. దాని పేరు పాస్‌వర్డు. కొత్త డబ్బాకు ఒక తెలిసిన పాస్‌వర్డు ఉండవచ్చు. దాన్ని అలాగే వదిలితే తలుపు తెరిచినట్టే. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతటా ఇలాంటి లక్షల కెమెరాలలో, డబ్బాలలో దూరింది. వాటిని కూడగట్టి ఇంటర్నెట్టు మీదికే ఎగదోసింది. అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు ఆగిపోయాయి.

అందుకే బిగించిన రోజే పాస్‌వర్డు మార్చాలి. పేరు, ఫోను నంబరు పెట్టకూడదు. బిగించిన అతని ఫోనులో మన కెమెరా ఉండకూడదు.

ఎటు చూడకూడదు?

సంఘం మాట్లాడుకుంటుంటే బయట ఒక పెద్దాయన విన్నాడు. "ఒక కెమెరా నల్లా కాడ పెట్టుండ్రి. పంచాయితీలు ఎవరు పెడుతున్నరో తెలుస్తది" అన్నాడు. "ఆడపిల్లలు ఎవరితో మాట్లాడుతున్నరో కూడ తెలుస్తది" అని ఇంకొకాయన అన్నాడు.

అందరూ ఒక క్షణం ఊరుకున్నారు. కాలేజీకి పోయే పిల్ల ఒకతె తల వంచుకుంది.

"అయితే నేను ఆ తొవ్వ నుంచి రాను. వెనక సందు నుంచి వస్త" అన్నది.

వెనక సందు చీకటి. అందరికీ ఆమె మాట అర్థమైంది.

"పెద్దయ్యా, నల్లా కాడ మేము తలస్నానం చేస్తం. బట్టలు ఉతుకుతం. అక్కడ కన్ను వద్దు. కెమెరా మా కోసం పెడుతున్నం. మా మీద కాదు" అన్నది లీడరు.

చట్టం కూడా ఆమె మాటే చెబుతుంది. స్త్రీ స్నానం చేస్తుండగానో, బట్టలు మార్చుకుంటుండగానో దొంగచాటుగా చూసినా, ఫోటో తీసినా నేరం. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 77వ సెక్షను. మొదటిసారి నేరానికి ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఎవరి గుట్టు వారిదేననీ, అది ప్రాథమిక హక్కనీ 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

కెమెరా చూపు పక్కింటి కిటికీలోకి, వాకిట్లోకి పోకూడదు. తిప్పలేకపోతే ఆ భాగాన్ని తెరమీద నల్లగా మూసే వీలు చాలా డబ్బాలలో ఉంటుంది. అడిగి మూయించాలి. వీధిలో కెమెరా ఉందని బోర్డు రాసి పెట్టాలి.

సంఘం తీర్మానం

సంఘం తీర్మానం పుస్తకంలో ఇలా రాసుకున్నారు.

1. కెమెరాలు 4. మూడింటికి 6 ఎం.ఎం. అద్దం. బండ్ల దగ్గర 2.8.
2. ఎత్తు 9 అడుగులు.
3. డిస్కు 4 టి.బి. బ్యాటరీ తప్పక ఉండాలి.
4. డబ్బా కిరాణా కొట్టు లోపలి గదిలో ఉంటుంది. గదికి రెండు తాళాలు. చెవులు ఇద్దరి దగ్గర ఉంటాయి. ఇద్దరూ వస్తేనే తెరవాలి.
5. ఏదైనా జరిగితేనే బొమ్మ చూడాలి. ఎవరు చూశారు, ఎప్పుడు, ఎందుకు అని పుస్తకంలో రాయాలి.
6. రాత్రిపూట నడిచి చూశాకే మిగతా డబ్బు ఇవ్వాలి.

హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాలనీలవారూ దుకాణాలవారూ కలిసి కెమెరాలు పెట్టుకోవాలని "నేను సైతం" పేరుతో ప్రోత్సహించారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్ లో పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటరు మొదలైంది. నగరంలోని కెమెరాల బొమ్మలు అక్కడి నుంచి చూసే ఏర్పాటు ఉంది. సంఘంవారు పోలీసు స్టేషనుకు పోయి తమ కెమెరాల సంగతి చెప్పారు. బొమ్మ అడిగితే రాతపూర్వకంగా అడగమని కోరారు.

అమ్మే అతను కొత్త చీటీ రాశాడు. కెమెరాలు సగమయ్యాయి. డిస్కు పెద్దదయింది. బ్యాటరీ వచ్చింది. ఉన్న డబ్బులోనే సరిపోయింది.

రాత్రి పరీక్ష

బిగించిన రోజు రాత్రి తొమ్మిదింటికి అందరూ చేరారు. సగం మంది టీవీ ముందు కూర్చున్నారు. సగం మంది వీధిలో నడిచారు. ఒకరు కొంగు కప్పుకొని నడిచారు. ఒకరు బండి మీద వచ్చారు.

మలుపులో బొమ్మ తెల్లగా వెలిగిపోయింది. ఏమీ కనబడలేదు. కెమెరా కాంతి పక్క గోడకు తగిలి తిరిగి వస్తున్నది. జానెడు ఇవతలికి జరిపారు. అప్పుడు తేటపడింది.

చివరగా దెబ్బ తగిలిన అక్క మలుపు నుంచి నడిచి వచ్చింది. వచ్చి టీవీ చూసింది. చెల్లె బొమ్మ వెనక్కి తిప్పి ఆపింది. అక్క కళ్ళు, ముక్కుపుడక, మెడ మీద మానిన గీత కనబడ్డాయి.

"ఇది నేనే" అన్నది అక్క.

లీడరు పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. "రాత్రి పరీక్ష. నాలుగు కెమెరాలు సరిగా ఉన్నాయి" అని రాసి సంతకం చేసింది. తర్వాతే మిగతా డబ్బు ఇచ్చారు.

గుర్తుంచుకుందాం

కెమెరా దొంగ చెయ్యి పట్టుకోదు. చూసింది చెబుతుంది. అంతే. ఆపద వస్తే 100కు గానీ 112కు గానీ ఫోను చేయాలి. ఆడవారికి సాయం 181. వేధించేవారి మీద షీ టీములకు చెప్పవచ్చు. అవి హైదరాబాదులో 2014 అక్టోబరు 24న మొదలయ్యాయి.

లెక్క చేయండి

1. ఒక వీధిలో 3 కెమెరాలు ఉన్నాయి. ఒక్కొక్కటి రోజుకు 22 జి.బి. నింపుతుంది. 30 రోజులకు ఎన్ని జి.బి. కావాలి?
2. ఆ వీధివారు 1 టి.బి. డిస్కు కొన్నారు. బొమ్మ ఎన్ని రోజులు ఉంటుంది?

చర్చించండి

1. మీ వీధి బొమ్మ ముగ్గుతో గీయండి. ఎక్కడ భయం వేస్తుంది? అక్కడ ముందు కావలసింది కెమెరానా, దీపమా?
2. కాలేజీ పిల్ల వెనక సందు నుంచి వస్తానని ఎందుకు అన్నది?
3. మీ వీధిలో కెమెరా పెడితే తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి? ఎందుకు?